ధాత కరువు: చచ్చిందెవరు, బతికిందెవరు?

కరువు గురించి మన చరిత్ర పుస్తకాలు రాసే తీరు ఒకటుంది. వానలు పడలేదు, పంటలు పండలేదు, ప్రజలు లక్షల్లో చనిపోయారు, తెల్లదొరలు పట్టించుకోలేదు, ఫలానా రాజా వారు దయతలచి గంజి పోయించారు. అంతటితో పాఠం అయిపోతుంది. ఆ 'ప్రజలు' ఎవరు? ఊళ్ళో ఉన్నవాళ్ళా, ఊరవతల ఉన్నవాళ్ళా? మోతుబరి పాతరలో జొన్నలు ఉండగానే మాదిగ పల్లెలో పొయ్యి ఎందుకు ఆరిపోయింది? ఈ ప్రశ్నలు ఆ పుస్తకాల్లో మచ్చుకైనా కనపడవు. కరువును వానల కథగా చెబితే దోషం ఆకాశానిదవుతుంది. తెల్లదొరల కథగా మాత్రమే చెబితే దోషం సముద్రం అవతలికి పోతుంది. రెండు రకాలుగానూ ఊళ్ళో పెద్దమనుషులు తప్పించుకుంటారు.

మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళం మేము. మేము చదువుకున్న చరిత్రలో మా వాడలు లేవని తెలుసుకోవడానికి ఎంతో కాలం పట్టలేదు. అందుకే ఈ వ్యాసంలో ఒక్క కరువునే తీసుకుని, దాని భారం ఎవరి నెత్తిన ఎంత పడిందో, ఏ దారిలో పడిందో లెక్క చూడదలుచుకున్నాం.

1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. 1876-77 మన లెక్కలో ధాత నామ సంవత్సరం, దాని తర్వాతది ఈశ్వర. మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు, హైదరాబాదు సంస్థానం, బొంబాయి దక్కను ప్రాంతం అన్నీ ఆ కరువులో మాడిపోయాయి. ఒక్క బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే సుమారు 55 లక్షల మంది చనిపోయారని అంచనా. అంతకంటే ఎక్కువ చెప్పే అంచనాలు కూడా ఉన్నాయి. తెలుగు నేల మీద ఘోరంగా దెబ్బతిన్నవి అప్పటి దత్తమండలాలు: బళ్ళారి (అనంతపురం అప్పుడు అందులోదే, 1882లో గాని వేరు కాలేదు), కర్నూలు, కడప. ఆ తర్వాత నెల్లూరు జిల్లా. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1871 జనగణనకూ 1881 జనగణనకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్న మాట. అయితే ప్రతి ఇంట్లోనూ నలుగురిలో ఒకరు పోలేదు. కొన్ని ఇళ్ళల్లో ఎవరూ పోలేదు. కొన్ని వాడల్లో ఏడవడానికి ఒక్కరూ మిగల్లేదు.

కరువుకు ముందు ఊరు

కరువులో ఎవరు చస్తారో కరువు రాకముందే తేలిపోయి ఉంటుంది. కాబట్టి ముందు ఊరి సంగతి చూడాలి.

దత్తమండలాల్లో మన్రో కాలం నుంచీ రైత్వారీ పద్ధతి. భూమి పట్టా రైతు పేరున ఉంటుంది, రైతు సర్కారుకు నేరుగా శిస్తు కడతాడు. కోస్తాలో, నెల్లూరు పడమటి భాగంలో 1802 శాశ్వత కౌలు నుంచీ జమీందారులున్నారు. ఇవి రెండూ వేరు వేరు పద్ధతులని, ఒకదానికంటే ఒకటి మెరుగని మన చరిత్రకారులు పేజీలకు పేజీలు రాశారు. మాలమాదిగలకు మాత్రం ఆ తేడా పెద్దగా తెలియదు. జమీందారీలో భూమి జమీందారుది. రైత్వారీలో భూమి రెడ్డిదో, కమ్మదో, కరణందో. పట్టాదారుల్లో అంటరాని కులాల వాళ్ళు ఎక్కడో ఒకరు. మిగిలినవాళ్ళందరూ పాలేర్లు, జీతగాళ్ళు, కూలీలు, వెట్టివాళ్ళు.

వీళ్ళు తిన్నదేమిటి? మాదిగ చెప్పులు కుట్టేవాడు, కపిల బానకు తోలు కట్టేవాడు, చచ్చిన గొడ్డును మోసేవాడు, చావుకీ పెళ్ళికీ డప్పు కొట్టేవాడు. దీనికి డబ్బు కూలి లేదు. పంట కళ్ళం మీద మేర కొలిచిపెట్టేవారు. మేర అంటే రైతుకు పండినదాంట్లో ఇంత అని పెట్టే గింజలు. పండితేనే మేర. పండకపోతే అడగడానికి హక్కు లేదు. మాల వెట్టివాడికీ ఇదే లెక్క. పాలేరుకైతే ఏడాది జీతం గింజల్లో ఉండేది, అది కూడా ముందే నాగుకు తెచ్చుకుని తినేసి ఉండేవాడు. నాగు అంటే తెలిసిందే, పుట్టికి పుట్టిన్నర తీర్చాలి.

ఊళ్ళో గింజల రాకపోకలు ఇవి. రైతు దగ్గర రెండేళ్ళ గింజ పాతరలో ఉంటుంది. మాదిగ దగ్గర రెండు వారాల గింజ కుండలో ఉంటుంది. వాన పడని మొదటి నెలలో ఇద్దరూ ఒకే ఆకాశం వైపు చూస్తారు, నిజమే. రెండో నెలలో ఒకడు పాతర మూత తీస్తాడు, రెండోవాడు కుండ బోర్లిస్తాడు.

కరువు ఒక్కో మెట్టూ దిగిన తీరు

1876లో నైరుతి వానలు మోసం చేశాయి, ఆ తర్వాత ఈశాన్య వానలూ మోసం చేశాయి. వెంటనే ఊళ్ళో జరిగే మొదటి పని ఏమిటంటే రైతు పాలేరును మానిపించడం. సేద్యం లేదు, నీకు కూడెందుకు పెట్టాలి? ఇది ఏ ఒక్క రైతు దుర్మార్గమో కాదు, ఆ ఏర్పాటే అలాంటిది. తరతరాలుగా 'మా ఇంటి మాదిగ', 'మా ఇంటి పాలేరు' అని చెప్పుకున్న సంబంధం రెండు వానలు తప్పేసరికి తెగిపోయింది. ఊరి పెద్దరికం పాలేరు చాకిరీ మీద హక్కును అట్టే పెట్టుకుంది, పాలేరు కడుపు మీద బాధ్యతను మాత్రం వదిలేసుకుంది.

రెండో మెట్టు, గింజల ధర. దత్తమండలాల్లో జొన్న, సజ్జ, కొర్ర ధరలు కూలివాడికి అందకుండా పోయాయి. గింజ అసలే లేక ధర పెరిగిందనుకుంటే పొరపాటు. అప్పటికి రైలు దారులు వచ్చి ఉన్నాయి. బయట నుంచి గింజ వస్తూనే ఉంది. ఆ కరువు ఏళ్ళల్లోనే ఈ దేశం నుంచి ఇంగ్లాండుకు గోధుమలు ఓడల మీద పోయాయి కూడా. గింజ ఉంది, కొనేవాడి చేతిలో కాసు లేదు. 1880లో కరువు కమిషన్ నివేదిక ఈ సంగతే ఒప్పుకుంది. వానలు తప్పితే ముందు పోయేది పని అని, ముందు పడిపోయేది భూమి లేని కూలీలు, చేతివృత్తుల వాళ్ళు అని రాసుకుంది. వందేళ్ళ తర్వాత, 1981లో, అమర్త్య సేన్ కరువు అంటే తిండి లేకపోవడం కాదు, తిండి మీద హక్కు లేకపోవడం అని పెద్ద పుస్తకం రాశాడు. మంచి పుస్తకమే. కాకపోతే ఆ సంగతి మా వాడల్లో అందరికీ ముందే తెలుసు.

మూడో మెట్టు, గొడ్లు. మేత లేక గొడ్లు చచ్చాయి. చచ్చిన గొడ్డు మాదిగది అన్నది ఊరి కట్టు. కొన్నాళ్ళు ఆ మాంసమే ప్రాణం నిలిపింది. ఆ తోళ్ళు ఏమయ్యాయి? కరువు ఏళ్ళల్లో మద్రాసు నుంచి తోళ్ళ ఎగుమతి పెరిగింది. ఒక్కసారిగా తోళ్ళు కుప్పలు పడితే ఊళ్ళో తోలు ధర ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తోలు ఒలిచినవాడికి దక్కింది కొద్ది రోజుల కూడు. లాభం రేవు పట్నంలో షావుకారుకు దక్కింది. ఆ తర్వాత గొడ్లూ అయిపోయాయి. అప్పుడు బ్రహ్మజెముడు కాయలు, అడవి దుంపలు, ఆకులు అలములు తిన్నారు. వాటితో పాటు విరేచనాలు, కలరా. సర్కారు లెక్కల్లో ఇలా చచ్చినవాళ్ళు చాలామంది రోగంతో చచ్చినవాళ్ళ కింద చేరారు.

ఈ మెట్లు దిగుతుంటే అందరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1876 చివర్లో చాలాచోట్ల సంతల మీద, గింజల కొట్ల మీద పడ్డారు. షావుకారు గింజ బయటికి తరలిస్తుంటే బండ్లు అడ్డగించారు. సర్కారు వాటిని దోపిళ్ళని, బందిపోటు నేరాలని రాసుకుంది. గింజను పాతరలో దాచిపెట్టి ధర పెరిగిందాకా ఆగినవాడి పేరు మాత్రం ఏ నేరాల పుస్తకానికీ ఎక్కలేదు.

ఢిల్లీలో దర్బారు, ఇక్కడ పౌను కూడు

సరిగ్గా ఈ రోజుల్లోనే, 1877 జనవరి 1న, వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో మహా దర్బారు చేశాడు. విక్టోరియా రాణిని కైజర్-ఎ-హింద్‌గా ప్రకటించే పండగ. దేశం నలుమూలల నుంచి రాజులు, నవాబులు, పెద్ద పెద్ద అధికారులు ఏనుగులతో, గుర్రాలతో, పరివారంతో తరలిపోయారు. పదేళ్ళ పిల్లవాడు నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను వెంటబెట్టుకుని సాలార్‌జంగ్ వెళ్ళాడు. కరువులో ఉన్న మద్రాసు నుంచి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు కూడా వెళ్ళక తప్పలేదు. రాజులకు జెండాలు, పతకాలు పంచారు, ఎవరికెన్ని తుపాకుల సలామో తేల్చారు.

ఇది తెల్లవాళ్ళ ఆడంబరం మాత్రమే అని కొట్టిపారేస్తే సరిపోదు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చారు: ఈ దేశాన్ని ఇక్కడి దొరలతో, రాజులతో కలిసి ఏలుకోవాలి. దర్బారు ఆ పొత్తుకు చేసిన పెళ్ళి. అక్కడ పక్కపక్కన కూర్చున్న రెండు రకాల దొరలకూ బళ్ళారి, కర్నూలు దారుల్లో పడివున్న శవాలు ఒకే రకంగా కనపడ్డాయి, అంటే కనపడలేదు.

దర్బారు అయిన వెంటనే సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసుకు పంపారు. కరువు ఖర్చు తగ్గించడం ఆయన పని. ఈ టెంపులే 1873-74లో బీహారు కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. అప్పుడు అంత డబ్బు తగలేశావేమని పైవాళ్ళు తిట్టిపోశారు. ఆ మచ్చ తుడుచుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. వచ్చీ రాగానే సహాయక పనుల్లో కూలి తగ్గించాడు. రోజంతా రాళ్ళు కొట్టి, మట్టి మోసిన మగవాడికి ఒక పౌను గింజలకు సరిపడే డబ్బు, పైన కాస్త చిల్లర. ఆడవాళ్ళకు అంతకంటే తక్కువ. పౌను అంటే అరకిలో కూడా కాదు. దీన్నే 'టెంపుల్ కూలి' అన్నారు. సొంత ఊరికి దగ్గర్లో పని ఇస్తే అవసరం లేనివాళ్ళు కూడా వస్తారని, దూరం పోయి క్యాంపులో ఉండి పని చేసేవాడే నిజమైన బీదవాడని ఇంకో పరీక్ష పెట్టారు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఈ కూలితో మనిషి బతకడని, జైల్లో ఖైదీకి ఇంతకంటే ఎక్కువ తిండి పెడుతున్నామని గట్టిగా వాదించాడు. చివరికి కొన్ని నెలల తర్వాత కూలి కొంత పెంచారు. ఆ కొన్ని నెలల్లో పోయినవాళ్ళు పోయారు.

ఈ పరీక్షలో ఒక విషయం గమనించాలి. నిజంగా ఆకలైతే మండుటెండలో రాళ్ళు కొడతాడా లేదా అని ఎవర్ని పరీక్షించారు? కూలివాడిని. శిస్తు మాఫీ అడిగిన పట్టాదారును ఎవరూ రాళ్ళు కొట్టి చూపించమనలేదు. పంట పోయిందని కరణం రాస్తే చాలు, శిస్తు మాఫీ అయ్యేది. ఆ మాఫీలో కౌలుదారుకు ఎంత పోయిందో, పాలేరుకు ఏం మిగిలిందో అడిగినవాళ్ళు లేరు. పెద్దవాడి మాట సాక్ష్యం. బీదవాడి ఒళ్ళు సాక్ష్యం, అది కూడా ఎముకలు తేలాకనే.

క్యాంపుల్లో కులం

సహాయక క్యాంపులకు వచ్చినవాళ్ళల్లో భూమి లేని కూలీలు, అంటరాని కులాలవాళ్ళు ఎక్కువ అని అప్పటి అధికారులే రాశారు. పై కులాల వాళ్ళు చాలామంది క్యాంపు కూడు ముట్టలేదు. ఎవరు వండారో, ఎవరి పక్కన కూర్చుని తినాలో అని భయపడ్డారు. చావనైనా చచ్చారు గాని క్యాంపుకు రాలేదని కొందరి గురించి అధికారులు గౌరవంగా, మెచ్చుకోలుగా రాశారు. మేము ఆ చావులను తక్కువ చేయడం లేదు. ఆకలి చావు ఎవరిదైనా చావే. కానీ సర్కారు ఆ కులాభిమానానికి ఎలా స్పందించిందో చూడాలి. క్యాంపుల్లో పై కులాల వంటవాళ్ళను పెట్టింది. పంక్తులు వేరు చేసింది. 'మర్యాదస్తులైన బీదలు', 'ఘోషా స్త్రీలు' అని ఒక తరగతిని తయారుచేసి, వాళ్ళు బయటికి రానక్కరలేకుండా ఇంటికే సాయం పంపింది. 1880 తర్వాత వచ్చిన కరువు కోడ్లలో ఈ ఏర్పాటు రాతపూర్వకంగా స్థిరపడింది.

అంటే ఏమిటి? మాదిగ ఆడది నెలల పిల్లను చంకనేసుకుని పది మైళ్ళు నడిచి మట్టి మోస్తే పౌను కంటే తక్కువ గింజలు. పెద్దింటి ఆడమనిషికి గడప దాటకుండా సాయం. ఆమెకూ ఆకలే, సాయం అందాల్సిందే. మా ప్రశ్న అది కాదు. ఒకరి మర్యాదను ఆకలిలో కూడా కాపాడాలని, ఇంకొకరికి కాపాడవలసిన మర్యాదే లేదని సర్కారుకు ఎవరు చెప్పారు? ఊరు చెప్పింది. సర్కారు విన్నది.

ఊళ్ళల్లో సాయం పంచే జాబితాలు ఎవరు రాశారంటే మునసబు, కరణం రాశారు. సర్కారుకు ఊళ్ళో ఉన్న కళ్ళు, చేతులు వాళ్ళే. ఎవరు ఆకలితో ఉన్నారో ఎవరు లేరో తేల్చేవాళ్ళు వాళ్ళే. నిన్నటిదాకా ఎవరు వెట్టి చేయించుకున్నారో వాళ్ళ చేతికే ఈ రోజు ప్రాణం ఇచ్చే కలం వచ్చింది. ఆ కలం ఎటు తిరుగుతుందో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు.

లండన్‌లో మాన్షన్ హౌస్ నిధి పేర విరాళాలు పోగయ్యాయి. అందులో పెద్ద భాగం విత్తనాలకు, ఎద్దులకు, ఇళ్ళ కప్పులకు ఇచ్చారు, పడిపోయినవాళ్ళను మళ్ళీ నిలబెట్టాలని. మంచి ఉద్దేశమే. కానీ విత్తనం ఎవడు చల్లుకుంటాడు? భూమి ఉన్నవాడు. వానలు పడ్డాక రైతు మళ్ళీ రైతయ్యాడు. పాలేరుకు ఇవ్వడానికి ఆ పట్టికలో ఏమీ లేదు. బతికి బయటపడినవాడు మళ్ళీ అదే కళ్ళం దగ్గర, ఈసారి ఇంకా పెద్ద నాగుతో, నిలబడ్డాడు. లేదా రేవు పట్నం పోయి బర్మాకో, సిలోనుకో, మారిషస్‌కో, నేటాల్‌కో ఓడెక్కాడు.

కరువు ఖర్చు ఎవరు కట్టారు?

ఇక్కడ మన చరిత్రకారులు పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. కరువుకు సర్కారు పెట్టిన ఖర్చు ఎవరి దగ్గర నుంచి వసూలు చేసింది?

ఈ దేశంలో ఆదాయపు పన్ను 1860లో మొదలైంది. పెద్ద జీతగాళ్ళు, వర్తకులు, పెద్ద భూస్వాములు గగ్గోలు పెట్టారు. 1873లో దాన్ని ఎత్తేశారు. మూడేళ్ళకు కరువు వచ్చింది. ఖర్చు కోసం మళ్ళీ ఆదాయపు పన్ను వేశారా? వేయలేదు. అది 1886 దాకా తిరిగి రాలేదు. జమీందారుల పేష్కషు శాశ్వతంగా ఖరారయ్యింది కాబట్టి దాని జోలికి పోలేదు. 1878లో వ్యాపారాల మీద, వృత్తుల మీద లైసెన్సు పన్ను వేశారు. అందులో పెద్ద ఉద్యోగులను, ప్లీడర్లను వదిలేశారు. చిన్న చిన్న కొట్లవాళ్ళు, చేతిపనివాళ్ళు దొరికిపోయారు. దాంతో పాటు మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీల్లో ఉప్పు పన్ను పెంచారు. మణుగుకు రూపాయి 13 అణాలు ఉన్నది రెండు రూపాయల 8 అణాలు చేశారు. సరిగ్గా కరువులో చచ్చి బతికిన రెండు ప్రెసిడెన్సీల్లో!

ఉప్పు జమీందారూ తింటాడు, మాలవాడూ తింటాడు. జమీందారు ఎన్ని కూరలు తిన్నా ఉప్పు నాలుగింతలు తినలేడు. కూలివాడు అంబలిలో ఉప్పు రాయి లేకుండా ఎండలో పని చేయలేడు. అందుకని ఆస్తి ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే బరువు వేసే పన్నులో ఉప్పు పన్నుకు మించింది లేదు. కరువులో కుండ ఖాళీ అయినవాడే కరువు ఖర్చు కూడా కట్టాడు. అలా పోగేసిన డబ్బు ముందు ముందు కరువుల కోసం దాస్తామన్నారు. తీరా చూస్తే 1878లో మొదలైన ఆఫ్ఘన్ యుద్ధం ఖర్చు ఆ హామీని మింగేసింది.

దీన్నిబట్టి మేము అనేది ఒకటే. కష్టం అందరికీ వచ్చిందనే మాట లెక్కల్లో నిలవదు. కష్టం వచ్చినప్పుడు దొరతనం, దొరల ఊరు కలిసి ఆ కష్టాన్ని కిందికి దించుకుంటూ పోయాయి. రాజు జమీందారు మీదికి, జమీందారు రైతు మీదికి, రైతు పాలేరు మీదికి. పాలేరు కింద ఎవరూ లేరు.

కాలువ తవ్విన చేతులు

ఒంగోలు ప్రాంతంలో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. కోస్తా వెంట బకింగ్‌హామ్ కాలువ పని కరువు పనిగా నడిచింది. గవర్నరు పేరు కాలువకు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఒంగోలులో 1866 నుంచీ ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఇంతకుముందు సర్వేయరు పని చేసినవాడు. ఆయన కాలువలో మూడు మైళ్ళ చిల్లర ముక్కను కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆ బోధకుల్లో ఎక్కువమంది మాదిగలు. మాదిగ కూలికి మాదిగ మేస్త్రీ! తిట్టకుండా పని చెప్పేవాడు, చెప్పిన కూలి చేతికిచ్చేవాడు, మధ్యాహ్నం పని ఆగినప్పుడు పక్కన కూర్చుని మాట్లాడేవాడు. ఈ చిన్న సంగతి ఎంత పెద్దదో అగ్రకులాల పాఠకులకు వెంటనే అర్థం కాకపోవచ్చు.

కరువు సాయం పంచినంత కాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళల్లో నిలబడి ఇచ్చారు. ఆ ఏడాదిలో ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. దాదాపు అందరూ మాదిగలే.

అయినా వీళ్ళకు 'కూటి కోసం మతం మారినవాళ్ళు' అన్న పేరు తప్పలేదు. ఈ మాట అన్నవాళ్ళల్లో హిందూ సంస్కర్తలున్నారు, జాతీయవాదులున్నారు, కొంతమంది కామ్రేడ్లూ ఉన్నారు. వాళ్ళను రెండు ప్రశ్నలు అడుగుతాం. మొదటిది: ఆ ఉద్యమం కరువుతో పుట్టలేదు. కరువుకు ముందే ఒంగోలు సంఘంలో మూడు వేల మంది దాకా ఉన్నారు. దాన్ని మొదలుపెట్టిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ పని మీద ఊళ్ళు తిరిగిన మాదిగ పెద్ద, అంతకుముందు రాజయోగం సాధన చేసినవాడు. కూటి కోసం వెతికినవాడు యోగం ఎందుకు నేర్చుకుంటాడు? రెండోది: ఆ సంఘంలో చేరినవాళ్ళు మూడు కట్టుబాట్లు ఒప్పుకోవాలి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడింటిలో ఊరి కట్టును తాకనిది ఏది? ఆదివారం పని మానితే రైతుకు కోపం. చచ్చిన గొడ్డు వద్దంటే ఊరి కట్టు కదులుతుంది. జాతరలో డప్పు కొట్టనంటే మొత్తం ఊరికే కోపం. ఆ కోపానికి చేరినవాళ్ళు బావి నీళ్ళు పోగొట్టుకున్నారు, పని పోగొట్టుకున్నారు, దొంగ కేసులు మోశారు. కూటి కోసమే అయితే, కూడు పోయే దారిని ఎవడైనా ఎంచుకుంటాడా?

కరువు వాళ్ళకు ఒకటి తేటతెల్లం చేసింది. తరతరాలుగా ఏ ఊరికి చాకిరీ చేశారో ఆ ఊరు ఆకలి వేళ చేయి విదిలించేసింది. ఇక ఆ ఊరికి వాళ్ళు బాకీ ఏముంది? మతం మార్పును మేము ఇలా చదువుతాం. మిషన్లు అన్నీ మంచే చేశాయని మేము అనడం లేదు. చర్చిలోకి కూడా కులం వచ్చింది, మిషన్ కాంపౌండులో కొత్త దొరలు తయారయ్యారు. అది వేరే వ్యాసం. కానీ ఆ 1878 జూలై నాటి మనుషులను ఆకలికి అమ్ముడుపోయినవాళ్ళుగా రాయడం ఆకలిని సృష్టించినవాళ్ళను కాపాడే రాత.

వర్గమా, కులమా?

వామపక్ష మిత్రులు మా వాదనకు ఒక జవాబు చెబుతుంటారు. కరువులో చచ్చింది బీదవాళ్ళు, కులం కాదు, అది వర్గం సమస్య అంటారు. బీదవాళ్ళు చచ్చారనేది నిజమే. బీద బోయలు, బీద సాలెలు, బీద రైతులు కూడా చచ్చారు. కానీ మన ఊళ్ళల్లో వర్గం కులాన్ని ఒంటి మీద వేసుకుని వస్తుంది. ఎవరి దగ్గర పాతర ఉండాలో, ఎవరు మేర మీద బతకాలో, ఎవరు జాబితా రాయాలో, ఎవరు ఏ పంక్తిలో కూర్చోవాలో కులమే చెప్పింది. బీద బ్రాహ్మడికీ బీద మాదిగకూ కడుపులో మంట ఒకటే. సర్కారు ఒకరి ఇంటికి సాయం పంపింది, ఇంకొకర్ని క్యాంపుకు రమ్మంది. ఈ తేడా వర్గం లెక్కలో దొరకదు.

ఇది పాత కథ అనుకోవడానికి వీల్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారు. ఉప్పెన అందరి మీదా వచ్చింది. డాబాలు ఎక్కినవాళ్ళు మిగిలారు. పల్లపు నేలల్లో గుడిసెల్లో ఉన్న కూలీలు, జాలరులు, మాలమాదిగలు కొట్టుకుపోయారు. ఎవరు మెరకన ఉండాలి, ఎవరు పల్లంలో ఉండాలి అన్నది గాలి నిర్ణయించలేదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు సహాయక శిబిరాల్లో దళితులను వేరుగా పెట్టారని, సాయం అందనివ్వలేదని మానవ హక్కుల సంఘాలు రాశాయి. 2020 మార్చిలో దేశమంతా తాళం వేసినప్పుడు 'వైరస్‌కు కులం లేదు' అన్నారు. తెలంగాణ మిరప చేలల్లో పనికొచ్చిన బస్తర్ ఆదివాసీలు అడవుల గుండా నడిచి పోవలసి వచ్చింది. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు ఇంటి నుంచే పని చేసుకున్నారు. వైరస్‌కు కులం లేకపోవచ్చు. ఇంటికి ఉంది, జీతానికి ఉంది, బస్సు టికెట్టుకు ఉంది.

అందుకని కార్యకర్తలకు, విద్యార్థులకు, మాలాగా బడిలో పాఠాలు చెప్పే మిత్రులకు మేము చెప్పేది ఇది. కరువో, వరదో, రోగమో వచ్చినప్పుడు 'అందరం కలిసి ఎదుర్కొందాం' అనే పిలుపు రాగానే మూడు ప్రశ్నలు అడగండి. నష్టం జాబితా ఎవరు రాస్తున్నారు? సాయానికి భూమి పట్టా అడుగుతున్నారా? ఖర్చు ఏ పన్ను నుంచి వస్తోంది? ధాత కరువులో ఈ మూడు ప్రశ్నలు అడగగల చదువు మా ముత్తాతలకు లేకుండా చేశారు. ఈ రోజు మనకు కాస్తో కూస్తో ఉంది. ఊళ్ళల్లో ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళు తమ పెద్దల దగ్గర విన్న కరువు మాటలు ఇంకా ఉన్నాయి. సర్కారు రికార్డుల్లో 'కూలీలు', 'నిరుపేదలు' అని రాసి ఉన్నచోట ఏ వాడ, ఏ ఇంటిపేరు అని వెతికి రాయవలసిన పని మనదే. ఇంకొకరు వచ్చి చేయరు.